రాయిపాటోళ్ళ ఊరు

మా వీధిలో నాలుగిళ్ళ అవతల ఒక పెద్దావిడ ఉంటారు. బడిలో టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. మేం టెన్నెసీ రాష్ట్రంలో నాక్స్‌విల్ వచ్చిన కొత్తలో మొట్టమొదట మా తలుపు తట్టింది ఆవిడే. అప్పట్నించీ మా ఇంట్లో పులిహోర చేసినా, వాళ్ళింట్లో పీచ్ పండ్ల పై చేసినా గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి.

ఆవిడకి ఒక పిచ్చి ఉంది. వాళ్ళ పూర్వీకుల చరిత్ర వెతకడం. నేలమాళిగలో పెద్ద బల్ల వేసుకుని, దానిమీద కాగితాలు, మ్యాపులు, ఫోటో తీయించిన పాత దస్తావేజులు పరుచుకుని కూచుంటారు. వాళ్ళ మూలపురుషుడు ఉత్తర ఐర్లండులో ఆంట్రిమ్ అనే జిల్లానుంచి వచ్చాడట. అక్కడ నేల కౌలు పెంచేశారు, నార బట్టల వ్యాపారం దెబ్బతింది, పంటలు పోయాయి. పద్దెనిమిదో శతాబ్దంలో అలా వేల కుటుంబాలు ఓడెక్కాయి. వీళ్ళు ఫిలడెల్ఫియాలో దిగి, బళ్ళు కట్టుకుని, కొండల మధ్య లోయ వెంట దక్షిణంగా వర్జీనియాకి వచ్చి, అక్కణ్ణించి మరో తరం పడమటి కొండలు దాటి ఇప్పుడు మేముంటున్న చోటికి చేరారు. ఈ నేల అప్పట్లో ఉత్తర కరొలినాకింద ఉండేది. ఆ ప్రభుత్వం ఇచ్చిన భూమి పట్టా నకలు ఆవిడ దగ్గరుంది. పన్ను కట్టినవాళ్ళ జాబితా ఉంది. ఒక వీలునామా ఉంది. అందులో రెండు ఆవులు, ఒక దుప్పటి, ఒక ఇనప కుండ ఎవరికి చెందాలో రాసి ఉంది.

ఓడ దిగిన కాగితం మాత్రం లేదు. "బ్రిటిష్ రాజ్యంలోంచి బ్రిటిష్ రాజ్యంలోకే వచ్చారు కదా, వాళ్ళ పేర్లు రాసుకోవాలని ఎవరికీ తోచలేదు" అన్నారావిడ. ఇంటిపేరు నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉంది. ఇంట్లో చెప్పుకునే కథ మాత్రం ఒకటే: ముగ్గురన్నదమ్ములు కలిసి ఓడెక్కి వచ్చారని. ఆవిడ నవ్వి, "ఇక్కడ ఏ ఇంట్లో అడిగినా ముగ్గురన్నదమ్ములే. నేను వెతికితే ఒక్కడే దొరికాడు" అన్నారు.

ఆ తరవాత నావైపు తిరిగి అడిగారు: "మీవాళ్ళు ఎక్కడివాళ్ళు?"

తమిళనాడులో రాజపాళయం దగ్గర చోళపురం అని చెప్పాను.

"మరి మీరు వెళ్ళేది తెలుగువాళ్ళ సంఘానికి కదా?"

మా పూర్వీకులు తెలుగుదేశంనుంచి వచ్చినవాళ్ళని చెప్పాను.

"ఎప్పుడు? ఎందుకు? ఏ దారిన?"

మూడు చిన్న ప్రశ్నలు. యాభై రెండేళ్ళ వయసులో మూడింటికీ నా దగ్గర జవాబు లేదు.

నిజానికి ఈ ప్రశ్న మన సంఘంలో కూడా నన్ను చాలామంది అడిగారు, కాస్త వేరే రకంగా. "మీరు తమిళులాండీ?" అని. నేను "పొయినాం, తిన్నాం, ఆడుండాది" అంటే పక్కవాళ్ళు మర్యాదగా నవ్వు ఆపుకునేవాళ్ళు. మద్రాసులో చదువుకునే రోజుల్లో నెల్లూరు స్నేహితుడొకడు నా తెలుగు విని, "ఇదే భాషరా?" అన్నాడు. అప్పట్నించి బయట తమిళమో ఇంగ్లీషో మాట్లాడి, తెలుగు ఇంట్లో అమ్మతో మాత్రమే మాట్లాడాను. చదువంతా తమిళంలో సాగింది కాబట్టి తెలుగు అక్షరం ముక్క రాదు. మా అమ్మాయిని ఆదివారం తెలుగు బడిలో చేర్చినప్పుడు వెనక బెంచీలో నేనూ కూచున్నాను. నలభై మూడేళ్ళకి అ, ఆ దిద్దాను. మా అమ్మాయి ఆరు వారాల్లో గుణింతాలకి వెళ్ళిపోయింది. నేను 'ఋ' దగ్గర నెల తంటాలు పడ్డాను. ఇందులో ఒత్తుల తప్పులు కనబడితే ఆ కథ గుర్తు తెచ్చుకుని క్షమించండి.

పోయిన సంక్రాంతికి ముందు మా బావ ఫోను చేశాడు. చోళపురంలో మా తాతగారి పేరు మీద రెండెకరాల నలభై సెంట్ల చేను ఉంది. అది మా నాన్నగారికీ మా మేనత్తకీ పొత్తు. నాన్న పోయారు. ఇప్పుడు నా వంతు వదులుకుంటూ విడుదల పత్రం రాసిస్తే బావ దాన్ని అమ్ముకుంటాడు. ఇళ్ళ స్థలాలకి బేరం వచ్చింది. ఇద్దరు పిల్లల చదువు, ఎండిపోయిన బోరు, దాని తాలూకు అప్పు. అతన్ని తప్పు పట్టడానికేం లేదు. ఆ చేలో నేను ఏనాడూ గడ్డి పరక పీకలేదు. వస్తానన్నాను. మా అత్తకి ఎనభై నాలుగేళ్ళు. మా పక్కింటావిడ ప్రశ్నలకి జవాబు ఎవరైనా చెప్పగలిగితే ఆమే చెప్పాలి.

చెన్నై ఎగ్మూరులో పొదిగై ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా నిద్రపోతే తెల్లవారేసరికి రాజపాళయం వస్తుంది. స్టేషను బయటికి రాగానే పడమటి దిక్కంతా కొండలు అడ్డుగోడలా నిలబడి ఉంటాయి. వానమేఘాలు ఆ కొండల కేరళ వైపునే చాలావరకు కురిసేస్తాయి. ఇటువైపు మనకి మిగిలేది నీలంరంగు కొండలు, గాలి, ఈశాన్య రుతుపవనంలో వచ్చినంత వాన. ఊరు మిల్లుల ఊరు. 1936లో మొదలైన రాజపాళయం మిల్స్ నుంచి ఇప్పటిదాకా నూలు వడుకుతూనే ఉంది. పక్కనే చత్రపట్టిలో గాయాలకి కట్టే బ్యాండేజీ గుడ్డ నేస్తారు. రాజపాళయం అంటే లోకానికి తెలిసింది మాత్రం కుక్క. తెల్లటి ఒళ్ళు, గులాబీరంగు ముక్కు. 2005లో తపాలాబిళ్ళ మీద కూడా ఎక్కింది.

ఈ ఊరికి ఆ పేరు తెచ్చిన రాజులు తెలుగువాళ్ళే. విజయనగర కాలంనుంచి తెలుగుదేశం వదిలి దక్షిణానికి వచ్చిన క్షత్రియ కుటుంబాలు. ఇవాళ్టికీ ఇంట్లో తెలుగు మాట్లాడతారు, గోత్రాలు చెప్పుకుంటారు. 1949లో మద్రాసు రాష్ట్రానికి ప్రధాని, ఆ మరుసటి సంవత్సరం రాజ్యాంగం అమల్లోకి వచ్చాక ముఖ్యమంత్రి అయిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. ఆయన పేరులో మొదటి అక్షరం విప్పితే పూసపాటి. విజయనగరం సంస్థానం వారి ఇంటిపేరు! బాపట్ల వైపు పూసపాడు అనే ఊరు ఇప్పటికీ ఉంది. ఊరు 'పాడు' అయితే ఇంటిపేరు 'పాటి' అవుతుంది. అంటే ఏడెనిమిదివందల కిలోమీటర్ల దూరంలో, కొన్ని వందల ఏళ్ళ తరవాత, ఒక మనిషి పేరు ముందున్న ఒక్క అక్షరం ఆయన బయల్దేరిన ఊరిని చెబుతోంది. మా పక్కింటావిడ నేలమాళిగలో ఇలాంటి కాగితం ఒకటి దొరికి ఉంటే ఎగిరి గంతేసేవారు.

మరో సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 1949లో ఆంధ్రరాష్ట్రం విడదీయడం గురించి వేసిన విభజన సంఘానికి అధ్యక్షుడు ఈ కుమారస్వామి రాజాగారే. అందులో సభ్యుడిగా ఉన్న ప్రకాశం పంతులుగారు మద్రాసు నగరం విషయంలో విడిగా తమ అసమ్మతి రాశారు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి కూచుని తెలుగువాళ్ళ వాటా తేల్చవలసి వచ్చింది, తన ఊరు ఎటూ గీతకి ఇవతలే ఉండిపోతుందని తెలిసి. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు కానీ, రాజపాళయం బస్టాండులో టీ తాగుతూ నేను దాని గురించే ఆలోచించాను.

మా ఇంటికి ఆ సదుపాయం లేదు. రాజులు ఇంటిపేరును ఇనిషియల్‌లో దాచుకున్నారు. మాలాంటి నాయుళ్ళ ఇళ్ళల్లో చాలామంది తమిళ పద్ధతిన తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్‌గా పెట్టుకున్నారు. నాకు మా నాన్న పేరు, మా నాన్నకి తాత పేరు. అలా రెండు తరాలు దాటాక ఇంటిపేరు కాగితం మీంచి జారిపోయింది. అది పెళ్ళి మాటలప్పుడు పెద్దవాళ్ళ నోట్లో మాత్రమే వినబడేది. చిన్నప్పుడు విన్నాను కానీ పట్టించుకోలేదు.

టౌనుబస్సు దిగి నడిచి వెళ్ళేసరికి అత్త అరుగుమీద కూచుని పత్తికాయలు ఒలుస్తోంది.

"వొచ్చినావా నాయనా. ఒగడివే వొచ్చినావా? బిడ్డని తీసుకరాలేదా?"

పరీక్షలున్నాయని చెప్పాను. ఫోను తీసి బొమ్మలో చూపించాను. మా అమ్మాయి అటునుంచి పుస్తకాల తెలుగులో, "నమస్కారం నానమ్మగారూ, మీ ఆరోగ్యం ఎలా ఉంది?" అంది. అత్త నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "ఏందిరా, సినిమాలోళ్ళ మాదిరి మాట్లాడతాదే!" అని మురిసిపోయింది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక అడిగాను. "అత్తా, మనవాళ్ళు ఈ ఊరికి ఎట్లా వచ్చారు?"

దానికి ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎన్నోసార్లు చెప్పిన కథ. మనవాళ్ళు వడక్కే, అంటే ఉత్తరాన, మంచి రేగడి చేలున్న ఊళ్ళో ఉండేవాళ్ళు. ఇంట్లో ఒక ఆడబిడ్డ, బంగారు బొమ్మలాంటిది. ఆమె అందం విని ఆ దేశమేలే సుల్తాను పిల్లనిమ్మని మనిషిని పంపించాడు. ఇయ్యమంటే తల తీస్తాడు, ఇస్తే కులం పోతుంది. పెద్దలు సరేనని చెప్పి, ఆ రాత్రికి రాత్రి పొయ్యిమీద ఎసరు మరుగుతూ ఉండగానే ఊరంతా లేచి పరుగెత్తారు. తెల్లారేసరికి ఏరు అడ్డం వచ్చింది. నిండుగా పారుతోంది. వెనక గుర్రాల డెక్కల చప్పుడు. అప్పుడు ఒడ్డునున్న కానుగ చెట్టు వంగి, ఆ గట్టు కానుగతో కొమ్మలు కలిపి వంతెన వేసింది. అందరూ దాటగానే మళ్ళీ లేచి నిలబడింది. "అందుకే మనం కానుగని నరకం, పొయ్యిలో పెట్టం" అంది అత్త. మా చేను గట్టునున్న ముసలి కానుగ అలాగే బతికిపోయింది. దానిమూలంగానే మా చేనుకి కానుగమాని చేను అని పేరు. పట్టాలో మాత్రం సర్వే నంబరు ఒక్కటే ఉంది.

నేను ఇంతదూరం వచ్చే ముందు కొంత చదువుకున్నాను. అదే తప్పయింది. ఇదే కథ, వెంటాడిన సేనలు, వంగిన కానుగ చెట్లు, తొట్టియ నాయకుల కథగా ఎడ్గార్ థర్స్టన్ 1909లో అచ్చయిన కులాల గ్రంథంలో రాసి ఉంది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లో మాట తెలుగు, రాసింది తమిళం. 1976లో వచ్చిన ఆయన నవల 'గోపల్ల గ్రామం' అంతా తెలుగుదేశంనుంచి పారిపోయివచ్చిన ఇలాంటి కుటుంబం కథే. దాని కొనసాగింపుకి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2021లో ఆయన పోయినప్పుడు ఈ నల్లనేల ఊళ్ళన్నీ ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడ్డాయి. మా పక్కింటావిడ ముగ్గురన్నదమ్ముల్లాగే మా కానుగ చెట్టు కూడా ప్రతి ఇంట్లోనూ వంగిందన్నమాట.

అత్తకి చెప్పాను, ఇది మనొక్కరి కథ కాదు, వేరే వేరేవాళ్ళు కూడా ఇదే చెబుతారు, జరిగి ఉండకపోవచ్చునని. నొచ్చుకుంటుందని భయపడ్డాను. ఆమె పత్తికాయ ఒలుస్తూనే, "ఒగే ఏరు దాటినోళ్ళు ఒగే కత చెప్పకుండా వేరే కత ఎట్లా చెబుతారురా?" అంది.

మరి ఎందుకొచ్చారు? నాకు తోచినంతలో రాస్తాను. పద్నాలుగో శతాబ్దం రెండో భాగంలో విజయనగర రాజకుమారుడు కంపరాయలు మధుర సుల్తానుల మీదికి దండెత్తాడు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధురలో పాలన మొదలుపెట్టాడు. నాయకరాజులు దేశాన్ని 72 పాళయాలుగా పంచారని ప్రసిద్ధి. మధుర నాయకుల రాజ్యం 1736 దాకా నడిచింది. అంటే తెలుగువాళ్ళు ఇక్కడికి రావడం ఒక్క రాత్రిలో జరగలేదు, రెండు మూడు వందల ఏళ్ళు జరిగింది. ముందు సేనలు, వాటి వెనక సరుకులు మోసేవాళ్ళు, వాళ్ళ వెనక ఎద్దుల్ని తోలుకుంటూ రైతులు. కొందరు నిజంగానే పారిపోయి వచ్చి ఉండొచ్చు. అయితే పారిపోయినవాళ్ళు ఎక్కడైనా ఆగవచ్చు కదా, ఈ చోటే ఎందుకు ఆగారు?

దానికి జవాబు కాళ్ళకింద ఉంది. తిరునెల్వేలి ప్రాంతపు రైతుల చరిత్ర రాసిన డేవిడ్ లడెన్ అనే అమెరికన్ పండితుడి పుస్తకం (1985లో వచ్చింది) చదివాక నాకు ఇది తట్టింది. తమిళ రైతులు ఎక్కువగా తామ్రపర్ణి పక్కన, చెరువుల కింద, వరి పండేచోట స్థిరపడ్డారు. లోపలి మెట్ట నల్లనేల చాలావరకు పలచగా ఉంది. వానొస్తే జిగట, ఎండొస్తే చెయ్యి పట్టే బీటలు. ఆ నేలని దున్నడం అందరికీ చేతకాదు. బళ్ళారి, కర్నూలు, గుంటూరు మెట్టల్లో పుట్టినవాడికి మాత్రం అది తెలిసిన నేలే. అందుకే వచ్చినవాళ్ళు ఆ నల్లమట్టి ఉన్నచోటల్లా ఆగారు. తమిళులు దీన్ని కరిసల్ అంటారు. భూగోళ పుస్తకాలు ఈ నల్లనేలని 'రెగర్' అని రాస్తాయి. ఆ మాట మన 'రేగడ' నుంచే వెళ్ళింది.

సాయంత్రం అత్త చేను చూపిస్తానని కర్ర పట్టుకుని బయల్దేరింది. దారిలో పాక పక్కన పడేసి ఉన్న పాత పనిముట్లు చూపించింది. "ఇది గుంటక. ఇది గొర్రు, మీ తాతది." పక్కనున్న బావకి ఆ పేర్లు తెలుసు కానీ, అవి తెలుగు మాటలని తెలియదు. ట్రాక్టరు వచ్చాక ఆ మాటలతో పనిలేకపోయింది. మా అమ్మాయి తెలుగు వాచకంలో కూడా ఆ రెండు మాటలు లేవు. నాకైతే అవి ఆంట్రిమ్‌నుంచి వచ్చిన ఇనప కుండలాగా కనిపించాయి.

ఇక్కడ మా పక్కింటావిడ మాట ఒకటి గుర్తొచ్చింది. వాళ్ళ పట్టాలో రాసిన నేల అంతకుముందు చెరోకీలు వేటాడిన నేలని ఆవిడ దాచకుండా చెబుతారు. 1838లో ఆ చెరోకీలని సైన్యం పెట్టి పడమటికి తోలేశారు. మావాళ్ళు వచ్చినప్పుడు కూడా ఈ ప్రాంతం ఖాళీగా లేదు. పడమటి కొండలవారగా సేత్తూరు, శివగిరి వంటివి మరవల పాళయాలు. తూర్పున ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి తెలుగు నాయకులవి. 1799లో కంపెనీవాళ్ళు కయత్తారులో ఉరితీసిన కట్టబొమ్మన ఇంట్లో మాట తెలుగే. ఈ రెండు రకాల పాళయాల మధ్య ఎన్ని కొట్లాటలు జరిగాయో. మా అత్త కథలో కొట్లాటలు లేవు. కథలో మనమెప్పుడూ పారిపోతున్నవాళ్ళమే కదా.

అన్నట్టు, ఈ చరిత్రంతా మొదట వరసగా కూర్చి రాసినవారిలో ఒకరు బిషప్ రాబర్ట్ కాల్డ్‌వెల్. ద్రావిడ భాషలమీద 1856లో పుస్తకం రాసినాయన. తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం ఒకే కుటుంబమని పెద్ద ఎత్తున నిరూపించిన గ్రంథం అది. 1881లో తిరునెల్వేలి జిల్లా చరిత్ర కూడా రాశారు. రాజపాళయం ప్రాంతం 1910 దాకా ఆ జిల్లాలోదే. తరవాత రామనాథపురం జిల్లా అయింది, 1985లో కామరాజర్ జిల్లా అయింది, 1997 నుంచి విరుదునగర్ అంటున్నాం. కాల్డ్‌వెల్ 1838లో మద్రాసులో ఓడ దిగి, తమిళం నేర్చుకుని, అక్కణ్ణించి చాలావరకు కాలినడకన తిరునెల్వేలి దక్షిణపు కొసన ఇడైయన్‌గుడి చేరి, యాభై ఏళ్ళు అక్కడే ఉండిపోయారు. ఆయన పుట్టింది ఎక్కడనుకున్నారు? 1814లో, ఐర్లండులో, ఆంట్రిమ్ జిల్లాలో! ఒకే జిల్లానుంచి ఒక కుటుంబం పడమటికి పోయి మా పక్కింటావిడ అయింది. ఒక మనిషి తూర్పుకి వచ్చి మా ఊళ్ళ చరిత్ర రాశాడు. తిరిగి వెళ్ళాక ఇది చెబితే ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

చేను గట్టుమీద కానుగ నీడలో కూచున్నాక, అసలు ప్రశ్న అడిగాను. "అత్తా, మన ఇంటిపేరేంది?"

"రాయిపాటోళ్ళం."

నా గుండె జారింది. మన సంఘంలో రాయపాటివారు ఉన్నారు, రావిపాటివారు ఉన్నారు. ఇది ఏది? ఆవిడ కాగితాల్లో నాలుగు రకాల స్పెల్లింగులు గుర్తొచ్చాయి.

"రాయి అంటే బండరాయా?"

"బండేందిరా! రాయిచెట్టు. పిళ్ళారి గుడిముందర ఉంటాదే, ఆకు గలగలలాడతాదే, అది."

రావిచెట్టు! సీమ వైపు కూడా రావిచెట్టుని రాయిచెట్టు అనేవాళ్ళున్నారు. అంటే మేం రావిపాటివాళ్ళం. బయల్దేరిన ఊరు రావిపాడు. ఫోనులో మ్యాపు తీసి అక్షరాలు నొక్కాను. వేళ్ళు వణికాయని చెప్పడానికి సిగ్గులేదు. ఒక రావిపాడు నరసరావుపేట పక్కన ఉంది. ఒకటి పశ్చిమ గోదావరిలో పెంటపాడు దగ్గర ఉంది. ఇంకొకటి కంభం వైపు ఉంది. రావిచెట్టు లేని ఊరు తెలుగుదేశంలో ఎక్కడుంది కనక?

నల్లమట్టి, రాయిచెట్టు అనే ఉచ్చారణ, గొర్రు, గుంటక. ఈ లెక్కన గోదావరి పక్కన పెట్టి కంభమో నరసరావుపేటో అనుకోవచ్చు. అనుకోవడమే. మా పక్కింటావిడ ఒప్పుకోరు, కాగితం ఏదీ అంటారు. అత్తకి మూడు రావిపాళ్ళూ మ్యాపులో చూపించాను. ఆమె వేలు పెట్టి కొలిచి చూసి, "ఇంత దూరం నడిచినారా? చంకన బిడ్డలతోనా?" అంది. కాసేపటికి, "నువ్వు పోయి చూసొచ్చి నాకు చెప్పు. మూడూ చూడు" అంది. ఆమె ఎనభై నాలుగేళ్ళలో తిరుపతి దాటి ఉత్తరాన పోలేదు.

మరునాడు పండగ. ఆ తరవాతి రోజు అత్తని శ్రీవిల్లిపుత్తూరు తీసుకెళ్ళాను. రాజపాళయంనుంచి పదకొండు పన్నెండు కిలోమీటర్లు. ఆండాళ్ గుడి మనకి కూడా పుట్టిల్లులాంటిదే. శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' అని తెలుగులో కావ్యం రాసింది ఈ ఊరి గోదాదేవి గురించి, ఆమెని పెంచిన విష్ణుచిత్తుడి గురించి. ఆ కావ్యం రాయమని ఆయనకి కలలో చెప్పింది కృష్ణాజిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్రమహావిష్ణువట. కృష్ణ ఒడ్డున దేవుడు కలలో కనబడి విల్లిపుత్తూరు కథ చెప్పమన్నాడంటే, ఆ దారిలో మనుషుల రాకపోకలు అప్పటికే బాగా ఉండి ఉండాలి. ఆముక్తమాల్యద నేను ఇంకా చదవలేకపోయాను. మన సంఘంలో పెద్దలొకరు మొదటి ఆశ్వాసం చెబుతానన్నారు కానీ రెండో పద్యం దగ్గరే నాకు నిద్రొచ్చింది. అత్త మాత్రం అద్దాల బావి దగ్గర నిలబడి, గోదాదేవి మాల వేసుకుని చూసుకున్నది ఇందులోనే అని, మా ఊరి తెలుగులో నాకు ఆ కథంతా చెప్పింది. తమిళ అర్చకుడు ఒకాయన నవ్వుతూ వింటూ నిలబడ్డాడు.

సోమవారం సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. ఫోటోలు, వేలిముద్రలు అయ్యాయి. పత్రమంతా తమిళంలో ఉంది. చదివి వినిపించమంటే బావ చదివాడు. ఫలానా సర్వే నంబరు, నంజె కాదు పుంజె, రెండెకరాల నలభై సెంట్లు, ఉత్తరాన ఫలానా వారి చేను. గట్టుమీది కానుగ సంగతి అందులో లేదు. కొన్నవాళ్ళు దాన్ని ఉంచుతారో లేదో బావ చేతుల్లో లేదు, అడిగి చూస్తానన్నాడు. అత్త ముందుగా వేలిముద్ర వేసింది. తరవాత నా వంతు.

ఏం తోచిందో నాకే తెలియదు. మొదటి పేజీ కింద తెలుగులో, ఇంటిపేరుతో సహా సంతకం పెట్టాను. నలభై మూడేళ్ళకి నేర్చుకున్న అక్షరాలు, బడిపిల్లవాడి రాతలా గుండ్రంగా వచ్చాయి.

గుమస్తా కాగితం తిప్పి చూశాడు. "ఇదేం ఎళుత్తు సార్?"

"తెలుంగు."

"పాస్‌పోర్టులో ఉన్నట్టు పెట్టండి సార్. ఇది చెల్లదు."

కొట్టేసి దాని కింద ఇంగ్లీషులో పెట్టాను. మిగతా పేజీలన్నిటిలోనూ ఇంగ్లీషే. పాడైన పేజీ మళ్ళీ ప్రింటు తీయించడానికి బావ కిందికి పరుగెత్తాడు. కొట్టేసిన కాగితం గుమస్తా చెత్తబుట్టలో వేయబోతుంటే అత్త చెయ్యి చాపింది.

"దాంట్లో ఏం రాసినావు?"

"రావిపాటి అని రాశానత్తా."

ఆమె కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసింది. నేను సరిగా తిప్పి ఇచ్చాను. "ఇట్లుంటాదా" అంది. నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకుని, "బస్సుకి టైమయింది, లేయ్" అంది.